హిందూపురంలో కారు కొంటే పన్ను ఎక్కడ కట్టాలి?

బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు చేరితే ఆంధ్ర వచ్చేసినట్టే. గౌరిబిదనూరు వాళ్లకు హిందూపురం, చింతామణి వాళ్లకు మదనపల్లె పొరుగూళ్ల లెక్క. పెళ్లి బట్టలకైనా, ఆస్పత్రికైనా, చుట్టాల ఇంటికైనా వెళ్లొచ్చే దారే. కారు కొనాలన్నప్పుడు కూడా ఒకసారి అటు చూద్దాం అనిపించడం సహజం. మనకు కావలసిన రంగు అక్కడ వెంటనే దొరకవచ్చు, డిస్కౌంటు కాస్త ఎక్కువ ఇవ్వవచ్చు. పాత బండి అయితే తెలిసినవాళ్లదే అయి ఉండవచ్చు. వీటితో పాటు ఇంకో మాట కూడా చెవిన పడుతుంది: "అక్కడ కొంటే ట్యాక్సు కలిసొస్తుంది."

మిగతావన్నీ నిజమే కావచ్చు గానీ, ఈ మాట మాత్రం కాదు. కారు మీద పన్ను కొన్న ఊరిని బట్టి పడదు, కొన్నవాడి ఇంటిని బట్టి పడుతుంది. ఈ ఒక్క సంగతి సరిగ్గా పట్టుకోకపోవడం వల్లే రెండుసార్లు పన్ను కట్టడం, బీమా పోగొట్టుకోవడం దాకా వెళ్తుంది.

కారు ధరలో రెండు రకాల పన్నులు ఉంటాయి. ఒకటి అమ్మకం మీద వేసే జీఎస్టీ. రెండోది బండి రోడ్డెక్కినందుకు రాష్ట్రం వసూలు చేసే రోడ్డు ట్యాక్సు, అంటే మనం లైఫ్ ట్యాక్సు అనేది. మొదటిది దేశమంతా ఒకటే రేటు. రెండోది ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే.

జీఎస్టీ ముందు చూద్దాం. 2017 జూలై 1కి ముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో వ్యాట్ ఉండేది. కాబట్టి పక్క రాష్ట్రంలో కొంటే లాభమా నష్టమా అని లెక్క వేసుకోవడానికి అప్పుడు కొంత అర్థం ఉండేది. ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించకూడదు. ఈ రేట్లు చిక్కబళ్లాపురంలోనూ ఇవే, అనంతపురంలోనూ ఇవే.

బిల్లులో కనిపించే పేరు మాత్రం మారుతుంది. మన ఊరి షోరూములో అయితే 9 శాతం సీజీఎస్టీ, 9 శాతం ఎస్‌జీఎస్టీ అని రెండు వరుసలు ఉంటాయి. హిందూపురం డీలరు మీ బాగేపల్లి అడ్రసు రాసి బిల్లు ఇస్తే 18 శాతం ఐజీఎస్టీ అని ఒకటే వరుస ఉంటుంది. జీఎస్టీ నంబరు లేని మామూలు కొనుగోలుదారుల విషయంలో 2023 అక్టోబరు 1 నుంచి బిల్లు మీదున్న అడ్రసే లెక్క. ఆ అడ్రసు కర్ణాటకది అయితే రాష్ట్రానికి చెందే వాటా కర్ణాటకకే వస్తుంది. మీ జేబులోంచి పోయేది మాత్రం అంతే. అందుకే బిల్లు మీద మీ సొంత అడ్రసు ఉండాలి, అది ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. రేపు ఆర్టీఓ ఆఫీసులో చూసేదీ ఆ బిల్లే.

బండి ధర 10 లక్షలు దాటితే డీలరు 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తాడు. అది ఆదాయపు పన్ను ఖాతాలో మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. రిటర్ను వెయ్యనివాళ్లు దాన్ని ఊరికే వదిలేస్తున్నారు. పన్నెండు లక్షల కారు మీద అది పన్నెండు వేలు!

ఇక అసలు బరువు లైఫ్ ట్యాక్సుది. కర్ణాటకలో కార్లకు 5 లక్షల వరకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల వరకు 17 శాతం, ఆ పైన 18 శాతం. ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు. ఎనిమిది లక్షల కారుకు 14 శాతం అంటే 1,12,000. సెస్సు 12,320. మొత్తం 1,24,320 రూపాయలు. చిన్నా చితకా ఫీజులు వేరే. బడ్జెట్లలో రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు పరివాహన్ సైటులో సరిచూసుకోండి. కారు ఎక్కడ కొన్నా సరే, ఇల్లు కర్ణాటకలో ఉంటే ఈ డబ్బు కర్ణాటకకే కట్టాలి. ఆంధ్రలో రేటు తక్కువా ఎక్కువా అన్న చర్చతో మనకు పని లేదు.

కాబట్టి అటువైపు కొత్త కారు కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే డీలరుకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "బండి కర్ణాటకలో రిజిస్ట్రేషన్. నాకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించండి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టవద్దు." ఈ మాట బిల్లు కొట్టాక చెబితే ఆలస్యమైనట్టే. చుట్టాల అడ్రసు ఇచ్చి ఆంధ్ర లైఫ్ ట్యాక్సు కట్టేశారంటే ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో తిరుగుడు మొదలవుతుంది. డీలరు నుంచి బిల్లుతో పాటు ఫారం 21, ఫారం 22, బీమా, తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితం తీసుకోండి. వాటితో, ఫారం 20 నింపి, బండితో సహా చిక్కబళ్లాపురం ఆఫీసుకు వెళ్తే కేఏ 40, చింతామణి ఆఫీసుకు వెళ్తే కేఏ 67 నంబరు వస్తుంది. కొత్త నంబరుకు హెచ్‌ఎస్‌ఆర్‌పీ ప్లేటు ఎవరు ఇస్తారన్నది కూడా డీలరుతో ముందే మాట్లాడుకోవాలి. అమ్మేశాక ఆయన ఫోను ఎత్తకపోతే మీరు చెయ్యగలిగింది తక్కువ.

తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద ఒక తేదీ ఉంటుంది. మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది సరిగ్గా ఆ తేదీనే. మంచి నంబరు కోసం ఆగుదాం, పండగ వెళ్లాక చూద్దాం అంటూ రోజులు గడిపేస్తారు. రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ వాసి ఒకరు పంజాబ్‌లో కొత్త బొలెరో తీసుకున్నారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు 2011 జూలై 19తో అయిపోయింది. శాశ్వత నంబరు తీసుకోలేదు. జూలై 28 రాత్రి జోధ్‌పూర్‌లో గెస్ట్‌హౌస్ బయట పెట్టిన బండి పోయింది. బీమా ఉంది, ప్రీమియం కట్టి ఉంది. అయినా కంపెనీ డబ్బివ్వనంది. వినియోగదారుల జాతీయ కమిషన్ ఆయన పక్షానే నిలిచినా, చివరికి 2021 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపే తీర్పు చెప్పింది. రిజిస్ట్రేషన్ లేని బండిని వాడటం పాలసీ షరతును మూలంలోనే తప్పినట్టు అని కోర్టు అభిప్రాయం. తొమ్మిది రోజుల ఆలస్యానికి పదేళ్ల కోర్టు తిరుగుడు, చివరికి చేతికి సున్నా. పక్క రాష్ట్రంలో కొనేవాళ్లకు దీనికంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పాత బండి సంగతి వేరు. ఇక్కడే లెక్క ఎక్కువగా తప్పుతుంది. బండి మొదటిసారి ఆంధ్రలో రిజిస్టరైనప్పుడు లైఫ్ ట్యాక్సు కట్టే ఉంటారు. కానీ ఆ "లైఫ్" ఆంధ్ర రోడ్ల వరకే. కర్ణాటక నంబరు వేయించాలంటే ఇక్కడ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి పన్ను తగ్గిస్తారు గానీ, మీరు ఇచ్చిన ధర మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద లెక్క వేస్తారు. మనవాళ్లు ఊహించనిది ఇదే.

పైన చెప్పిన ఎనిమిది లక్షల కారునే తీసుకోండి. నాలుగేళ్లు దాటి ఐదేళ్లు నిండలేదు. కదిరిలో 4,50,000కు బేరం కుదిరింది. ఆ వయసు బండికి పూర్తి పన్నులో 75 శాతం, అంటే 93,240 రూపాయలు. మొత్తం 5,43,240 అయ్యింది. అలాంటి బండే చిక్కబళ్లాపురంలో కేఏ నంబరుతో ఐదు లక్షలకు దొరికితే అదే చవక. ఎందుకంటే రాష్ట్రం లోపల పేరు మార్పిడికి లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టనక్కర్లేదు. బేరం ఆడేముందు ఈ కూడిక చేసుకోవాలి.

ఇందులోనే ఒక వెసులుబాటు ఉంది. బండి రాష్ట్రం దాటిపోయిందని రుజువు చూపిస్తే, ఆంధ్రలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి కొంత వాపసు అడగవచ్చు. ఆ డబ్బు కట్టిన రాష్ట్రం నుంచే, పాత ఓనరు ద్వారా రావాలి. మీరు ఇక్కడ లక్ష కడుతుంటే అక్కడ ఆయనకు వాపసు వస్తుందన్న మాట. అది ఎవరికి చెందాలో బేరంలోనే తేల్చుకుని కాగితం మీద రాసుకుంటే మంచిది. "మనవాళ్లే కదా" అని ఊరుకుంటే తర్వాత నోరు తెరిచి అడగలేరు.

యూజ్డ్ కార్ల డీలరు దగ్గర కొంటే జీఎస్టీ మాట వస్తుంది. 2025 జనవరి 25 నుంచి అన్ని పాత కార్ల మీద 18 శాతం ఉన్నది నిజమే. అయితే అది బండి మొత్తం ధర మీద కాదు, డీలరు లాభం మీదే. 4,00,000కు కొని 4,60,000కు అమ్మితే 60,000 మీద 18 శాతం, అంటే 10,800. మొత్తం ధర మీద లెక్క కట్టి 82,800 అడిగితే అక్కడే ఆగి ప్రశ్నించండి. డీలరు కాకుండా మామూలు మనిషి తన సొంత కారు అమ్ముతుంటే అసలు జీఎస్టీయే లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లు కూడా రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అది చూపించమని అడగడం తప్పేమీ కాదు.

డబ్బు చేతులు మారేముందు ఎన్ఓసీ. అది ఫారం 28, బండి రిజిస్టరైన ఆర్టీఓ ఆఫీసు నుంచి రావాలి. ఫైనాన్సు ఉంటే ముందు బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి ఆ ఎంట్రీ కొట్టించాలి. బాకీ చలాన్లు తీర్చాలి. అమ్మేవాడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాలి. వాటితో మన ఆఫీసులో కొత్త నంబరుకు ఫారం 27 దాఖలు చెయ్యాలి. కొన్న రోజు నుంచి 30 రోజుల్లోపు పేరు మార్పిడికి పెట్టుకోవాలని చట్టం. బీమా మీ పేరుకు మార్చుకోవడానికి 14 రోజులే. బండి చరిత్ర వాహన్ రికార్డులో చూసుకోవచ్చు. తెలంగాణ మాత్రం చాలాకాలం ఆ వ్యవస్థలో చేరకుండా తన సొంత సైటే నడిపింది. కాబట్టి హైదరాబాదు బండ్ల వివరాలు తెలంగాణ రవాణా శాఖ సైటులో కూడా సరిచూసుకోండి.

"పన్నెండు నెలల వరకు ఆంధ్ర నంబరుతో తిరగొచ్చు, కోర్టే చెప్పింది" అనే వాదన మన వైపు బాగా వినిపిస్తుంది. దాంట్లో సగం నిజం ఉంది. పక్క రాష్ట్రం బండి 30 రోజులు దాటి ఇక్కడ ఉంటే లైఫ్ ట్యాక్సు కట్టాలని కర్ణాటక 2014లో చట్టం సవరించింది. 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షను ప్రకారం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉన్నప్పుడే కొత్త నంబరు తీసుకోవాలి. ఉద్యోగం మీద వచ్చినవాళ్లకు, అటూ ఇటూ తిరిగే చుట్టాలకు ఇది రక్షణ. బాగేపల్లిలో పుట్టి పెరిగినవాడు కదిరిలో కారు కొని తెచ్చుకుంటే, పేరు మార్పిడికి ఆ 30 రోజుల గడువు తప్పదు. ఆయన ఇల్లు మొదటి రోజు నుంచీ ఇక్కడే కదా!

దీనికి విరుగుడుగా కొందరు చేసే పని: "బావా, బండి నీ పేరు మీదే ఉండనీ." హిందూపురం బావగారి పేరు మీద రిజిస్ట్రేషన్, తిరిగేది చేలూరు రోడ్డు మీద. పన్ను మిగిలిందనుకుంటాం. కానీ ఆ కారు ఎవరినైనా గుద్దితే, బీమా లేని సమయంలో అయితే, పరిహారం భారం రికార్డులో ఉన్న ఓనరు మీదే పడుతుంది. అమ్మేసి చేతులు దులుపుకున్నా, బండి పలు చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనరని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు ఆ బావగారికి ఏమైనా అయితే బండి ఆయన వారసులది, మీది కాదు. లక్ష రూపాయల కోసం ఒక సంబంధం మీద ఇంత బరువు పెట్టడం నాకు సబబుగా తోచదు. రవాణా శాఖ కూడా ఊరికే లేదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో పన్ను ఎగవేసిన ముప్పై దాకా ఖరీదైన కార్లను పట్టుకుంది. బయటి నంబర్లతో తిరుగుతూ ఇక్కడ పన్ను కట్టనివే అందులో ఎక్కువ.

బీహెచ్ సిరీస్ తీసుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. అది ప్రభుత్వ, రక్షణ రంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు మాత్రమే. బెంగళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్లో చాలామందికి వర్తించవచ్చు. అందులో పన్ను రెండేళ్లకోసారి కడతారు, రాష్ట్రం మారినా మళ్లీ కట్టనక్కర్లేదు. రైతుకు, అంగడి పెట్టుకున్నవాళ్లకు ఆ దారి లేదు.