రెండు పైపులు ఒకటైతే?

పిల్లలూ! మనం ఏ ఊరికి బదిలీ అయి వెళ్ళినా, వీధిలో పెద్దగా శబ్దం చేస్తూ పోయే కారు కనిపిస్తే ఆగి చూస్తాం. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ వంటి స్పోర్ట్స్ కారుకు వెనుక రెండు వైపులా పొగగొట్టాలు ఉంటాయి. దాని ఇంజన్‌లోని 8 సిలిండర్లు ‘వి’ ఆకారంలో, వైపుకు 4 చొప్పున ఉంటాయి. ఒక్కో వైపు పొగకు ఒక్కో దారి అన్నమాట.

బరువు తగ్గుతుందని కొందరు ఈ రెండు దారులనూ ‘వై’ ఆకారపు పైపుతో కలిపి, ఒకే సైలెన్సర్‌కు చేరుస్తారు. మరి ఆ ఒక్క పైపు ఎంత లావు ఉండాలి? 5 సెం.మీ. వ్యాసం గల పైపులు రెండు కలిస్తే 10 సెం.మీ. కావాలని మనకు తోస్తుంది. కాని పొగ వెళ్ళడానికి కావలసింది వైశాల్యం. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. మనకు రెండు రెట్లే కావాలి. కాబట్టి 5ను 2 యొక్క వర్గమూలంతో, అంటే 1.414తో గుణిద్దాం. సుమారు 7.1 సెం.మీ. చాలు! పైపు మరీ సన్నగా ఉంటే పొగ సులువుగా బయటికి పోలేక ఇంజన్ శక్తి తగ్గుతుంది.

అసలు జాగ్రత్త మరొకటి ఉంది. పొగ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ విషవాయువులను తగ్గిస్తుంది. పైపులు మార్చే పేరుతో దాన్ని తీసేయకూడదు. అతుకు సరిగా లేక పొగ లీకయితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరి ప్రాణాలే తీయవచ్చు. పైగా మన మోటారు వాహనాల చట్టం, 1988 బండిని ఇష్టం వచ్చినట్లు మార్చుకోనివ్వదు.

ఈసారి లెక్కల పీరియడ్‌లో వర్గమూలం వచ్చినప్పుడు, కారు కింద ఉన్న ఆ పైపును గుర్తుచేసుకుందామా?