తాత్కాలిక పన్ను క్యాపు ఎంత గట్టిది?

రూట్ కెనాల్ చేసిన పంటికి అసలు క్యాపు తయారయ్యే వరకు తాత్కాలిక క్యాపు పెడతారు. "కంప్యూటరుతో చేసిందట గదా సిస్టరమ్మా, చెరకు నమలొచ్చా?" అని బోధన్ వైపు నుండి వచ్చేవారు మమ్మల్ని అడుగుతుంటారు. అక్కడి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, గడను పళ్ళతో చీల్చే అలవాటు పోలేదు!

నమలకూడదు. ఎందుకో చెబుతాము.

పొడి, ద్రవం చేత్తో కలిపి చేసే క్యాపులో సన్నని గాలి బుడగలు చిక్కుకుంటాయి. పగులు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. కంప్యూటరు క్యాపులు రెండు రకాలు. ఫ్యాక్టరీలో ముందే బాగా గట్టిపరచిన అక్రిలిక్ దిమ్మెను మిషను చెక్కి చేసేది ఒకటి. ఇందులో బుడగలు బహు తక్కువ. చేతి క్యాపు కన్నా ఇది ఎక్కువ బరువు ఆపుతుందని చాలా పరీక్షల్లో తేలింది. రెండవది త్రీడీ ప్రింటరు పొర మీద పొర వేసి చేసేది. పొరలు ఏ వాటంగా పడ్డాయి, తరువాత వెలుతురులో ఎంతసేపు గట్టిపరిచారు అన్నదాన్ని బట్టి దీని బలం మారుతుంది.

ఏ రకమైనా నోటి తడికి, వేడి చాయకు, చల్లని నీళ్ళకు క్రమంగా బలం తగ్గుతుంది. పైగా మళ్ళీ తీయాలి కనుక దాన్ని అంటించే సిమెంటు కావాలనే తక్కువ బలానిది వాడతారు. అందుకే ఆ వైపు చెరకు, సకినాలు వద్దు. ఊడితే ఫెవిక్విక్ పూయకండి, క్యాపు దాచి తీసుకురండి. "గట్టిగానే ఉంది" అని అసలు క్యాపుకు రావడం మానితే లోపలి పన్నే చీలవచ్చు. వేరు దాకా చీలిన పన్నును సాధారణంగా తీసివేయవలసిందే.