చివరి కుట్టుకు ముందు ఒక జత గ్లౌజులు

"పేగుకు రంధ్రం పడ్డదట, కడుపు కోయాల్నట." జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊర్లల్ల ఈ మాట వింటే ఇంటిల్లిపాదీ వణికిపోతారు. డాక్టర్ బయటికొచ్చి "ఆపరేషన్ సక్సెస్" అంటే హమ్మయ్య అనుకుంటాం. కానీ పరిశోధకుల లెక్క అక్కడే మొదలవుతుంది: తర్వాతి 30 రోజుల్లో ఏం జరిగింది?

కుట్లకు చీము పట్టొచ్చు, కుట్టిన పేగు లీకవ్వొచ్చు, నిమ్ము చేయొచ్చు, కాలి సిరలో రక్తం గడ్డకట్టొచ్చు. వీటిని కొలవడానికి 2004లో క్లేవియన్-డిండో వర్గీకరణ వచ్చింది. సమస్యను సరిచేయడానికి ఎంత చికిత్స కావాల్సి వచ్చిందో చూసి 1 నుంచి 5 దాకా గ్రేడ్ ఇస్తారు. 5 అంటే మరణం.

2018లో గ్లోబల్‌సర్జ్ బృందం 66 దేశాల్లో 12,539 మంది రోగులను పరిశీలించింది. జీర్ణకోశ ఆపరేషన్ తర్వాత గాయం ఇన్ఫెక్షన్ అభివృద్ధి చెందిన దేశాల్లో 9.4 శాతం, బాగా వెనకబడిన దేశాల్లో 23.2 శాతం.

మరి తగ్గించేదెట్లా? ఖరీదైన మిషన్లే కావాలా? 2022లో వచ్చిన చీతా ట్రయల్ చాలా సింపుల్ ప్రశ్న అడిగింది. పేగును ముట్టుకున్న గ్లౌజులకు, పరికరాలకు బ్యాక్టీరియా అంటుతుంది కదా, పొట్ట మూసే ముందు వాటిని మార్చేస్తే? మన దేశంతో కలిపి 7 దేశాలు, 81 ఆసుపత్రులు, 13,301 మంది రోగులు. ఇన్ఫెక్షన్ 18.9 నుంచి 16 శాతానికి తగ్గింది. అంటే వంద మందిలో దాదాపు ముగ్గురికి చీము బాధ తప్పినట్టే.

రెండోది టైమ్. అల్సర్ చిల్లుపడ్డ 2,668 మందిపై డెన్మార్క్‌లో చేసిన అధ్యయనం ప్రకారం, ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ గంట ఆలస్యమైతే బతికే అవకాశం 2.4 శాతం తగ్గుతూ పోయింది. ఇక కాళేశ్వరం నుంచి వరంగల్ ఎంజీఎంకు వంద కిలోమీటర్ల పైనే! అందుకే మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మనకు ముఖ్యం. దగ్గర్లోనే ఆపరేషన్ జరిగితే ఆ గంటలు మిగుల్తాయి.

ఇంట్లో ఎవరికైనా కడుపు ఒక్కసారిగా భరించలేనంత నొప్పి పెట్టి చెక్కలా గట్టిపడితే, నొప్పి సూదితో తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆపరేషనై ఇంటికొచ్చాక జ్వరం, కుట్ల దగ్గర చీము, పొట్ట ఉబ్బరం, కాలి వాపు, ఆయాసం కనిపిస్తే "అదే తగ్గుతది లే" అనకుండా మళ్లీ ఆసుపత్రికి తీసుకపోండి. 30 రోజులు దాటేదాకా లెక్క పూర్తి కానట్టే.