మీకు తెలుసా? సొంత ఊళ్లో కనిపించని ఎంటీవీ

పాటల చానల్ ఎంటీవీ మొదలైన రాత్రి దాన్ని చూడటానికి సొంత సిబ్బందే ఊరు దాటాల్సి వచ్చింది! 1981 ఆగస్టు 1, అర్ధరాత్రి దాటి ఒక నిమిషం. ఆఫీసేమో న్యూయార్క్‌లో, మన్‌హటన్ కేబుల్‌లోనేమో చానల్ రాదు. దాంతో నది దాటి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీకి వెళ్లి, ఒక రెస్టారెంట్లో కూర్చుని చూశారు.

తెర మీద ముందు రాకెట్ లేచింది. తర్వాత చందమామ మీద వ్యోమగామి, పక్కన రంగులు మారే ఎంటీవీ జెండా. అవి అపోలో 11 దృశ్యాలు. నాసావి కాబట్టి వాడుకోవడానికి హక్కుల బెడద లేదు. చందమామ మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాటలూ పెడదామనుకున్నారు గానీ ఆయన ఒప్పుకోలేదు. బీప్ శబ్దంతో సరిపెట్టారు.

మొదటి పాట బ్రిటన్ బృందం బగల్స్ పాడిన 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్'. వీడియో వచ్చి రేడియో తారను మింగేసిందన్న పాటతోనే వీడియో చానల్ మొదలుపెట్టడం... కొంటెతనం కాక మరేమిటి? మొదట్లో ఒక పాట టేపు తీసి ఇంకోటి పెట్టేలోపు తెర నల్లబడేది కూడా.

నల్లజాతి గాయకులు ఇంత తక్కువగా కనిపిస్తున్నారేమని 1983లో గాయకుడు డేవిడ్ బోవీ ఆ చానల్ ఇంటర్వ్యూలోనే నిలదీశాడు. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' అక్కడ మోగిపోయింది ఆ ఏడాదే. 1992లో 'ది రియల్ వరల్డ్' అనే షో వచ్చాక పాటల చోటును రియాలిటీ షోలు మెల్లగా ఆక్రమించాయి.