పంచాయతీ తీర్మానములు: కోరిన విషయము కోరిన వేళకు

గ్రామ పంచాయతీ కార్యాలయముల బీరువాలలో తీర్మానముల పుస్తకములు వరుసగా నుండును. ఎన్నియో సమావేశముల చర్చలు, ఎందరో పెద్దల యాలోచనలు వానిలో నిక్షిప్తమై యున్నవి. కాని కార్యదర్శి బదిలీయై పోయినను, పాత సభ్యులు పదవి విడిచినను, ఏ విషయము ఏ పుస్తకమున కలదో చెప్పగలవారు కరవగుదురు. వ్రాసి దాచుట ఒక యెత్తు. దాచినదానిని అవసరమునకు వెలికి తీయుట మరియొక యెత్తు. ఈ రెండవ పనికి కృత్రిమ మేధ యెట్లు తోడ్పడగలదో పంచాయతీ సభ్యులకు వివరింప దలచితిమి.

చెరువు గట్టు ఎవరిది?

చిలకలూరిపేట ప్రాంతమునే తీసికొందము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలయైనది. కుడి కాలువ నీటితో వేసవికి ముందే మంచినీటి చెరువులు నింపుకొనుట ఈ ప్రాంతమున పంచాయతీలకు ముఖ్యమైన పని. ఒక గ్రామమున చెరువు గట్టు ప్రక్క స్థలము తనదేనని యొకరు వాదించిరనుకొందము. ఆ గట్టుకు హద్దురాళ్లు పాతించవలెనని పూర్వపు పంచాయతీ తీర్మానించి యుండవచ్చును. ఆ తీర్మానము దొరికినచో అధికారుల యెదుట పంచాయతీ మాటకు బలము చేకూరును. దొరకనిచో వివాదము సాగును, గట్టు తరుగును, ఊరి నీటికే ముప్పు వాటిల్లును.

పుస్తకములను కంప్యూటరులో నెక్కించి “చెరువు” అను మాటను వెదకినచో, ఆ మాట యున్న పుటలు మాత్రమే కనిపించును. “వేసవి నీటి యెద్దడి” అనియో, “గట్టు మరమ్మతు” అనియో, “కాలువ నీరు పెట్టించుట” అనియో వ్రాసిన తీర్మానములు తప్పిపోవచ్చును. విషయమొక్కటే, మాటలు వేరు. ఈ చిక్కును విప్పుటయే క్రొత్త సాధనము ప్రత్యేకత.

సాధనము పనిచేయు విధము

ఇది మొదట వ్రాతలను చిన్న చిన్న భాగములుగా విడదీయును. ప్రతి భాగము యొక్క భావమును అంకెల వరుసగా మార్చి భద్రపరచును. భావములు దగ్గరైనచో ఆ వరుసలును దగ్గరగ నుండును. మనము ప్రశ్న యడిగినప్పుడు దానిని సయితము అట్లే మార్చి, చేరువగా నున్న భాగములను ఏరి, వాని యాధారముతో జవాబు కూర్చును. మంచి సాధనము జవాబుతో పాటు అది ఏ పత్రమునుండి గ్రహింపబడినదో కూడ చూపును. గూగుల్ సంస్థ 2023లో వెలువరించిన నోట్‌బుక్‌ఎల్‌ఎమ్ ఇట్టి వానిలో నొకటి.

సమావేశముల వ్రాతపనికి కూడ సాయము లభించుచున్నది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగష్టు 14న “సభాసార్” అను సాధనమును ప్రవేశపెట్టినది. గ్రామసభ జరిగిన తీరును రికార్డు చేసి యందించినచో, భాషిణి వేదిక తోడ్పాటుతో చర్చల సారమును అది వ్రాతరూపమున సమకూర్చును.

క్రొత్త ఆవశ్యకత కాదు

గ్రామముల వృత్తాంతములను భద్రపరచుట మనకు క్రొత్త కాదు. పూర్వము కరణములు కవిలెలు వ్రాసి యుంచిరి. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయనకు తోడ్పడిన కావలి సోదరులు సేకరింపజేసిన గ్రామ కైఫియతులవలన గుంటూరు సీమ చరిత్ర యెంతయో నేటికి తెలియవచ్చుచున్నది. ఇప్పుడు చట్టము కూడ దీనిని విధించుచున్నది. ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులను పట్టికలతో, విషయసూచికలతో క్రమపరచి యుంచవలెనని 2005 సమాచార హక్కు చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. ఆ చట్టము క్రింద అడిగిన సమాచారమును సాధారణముగా 30 దినములలో నీయవలెను. క్రమము లేని బీరువాతో ఈ గడువు పాటించుట కష్టము.

గమనింపవలసిన జాగ్రత్తలు

మొదటిది: ఈ సాధనము లేనిదానిని ఉన్నట్లు చెప్పుటయు కలదు. కావున అది చూపిన తేదీని, తీర్మానము సంఖ్యను అసలు పుస్తకముతో సరిచూడక యే నిర్ణయమును చేయరాదు. సంతకములున్న పుస్తకమే ప్రమాణము. యంత్రము దారి చూపునది మాత్రమే.

రెండవది: పాత చేవ్రాతను యంత్రము తప్పుగా చదువవచ్చును. సర్వే నంబరులో ఒక్క అంకె మారినను ఒకరి భూమి మరియొకరిదగును. అంకెలను మనుష్యులే సరిచూడవలెను.

మూడవది: ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ప్రజల ఆరోగ్య వివరములు గల పత్రములను బయటి సాధనములలో నెక్కించరాదు. పై అధికారుల అనుమతి పొందిన పిమ్మటనే పంచాయతీ పత్రములను వానిలో చేర్చవలెను.

నేడే ఆరంభింపదగిన పని

యంత్రము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ఇకమీదట ప్రతి తీర్మానము పైన తేదీ, సంఖ్య, విషయము, సర్వే నంబరు, మంజూరైన మొత్తము స్పష్టముగ వ్రాయించుడు. నీరు, వీధులు, దీపములు, పన్నులు, పంచాయతీ స్థలములు అను శీర్షికలతో ఒక సూచిక తయారు చేయించుడు. డిజిటల్ అసిస్టెంటు సహాయముతో పాత పుటలను ఏటికి కొన్ని చొప్పున కంప్యూటరులో నెక్కించుడు. క్రమముగ వ్రాసిన పుస్తకమునుండి మనిషియైనను, యంత్రమైనను సులభముగ వెదకి తీయగలుగును.

పదవులు అయిదేండ్లకు మారును; ఊరి చెరువు, ఊరి దారి నిలిచియుండును. వానిని కాపాడిన నిర్ణయములు రాబోవు సభ్యులకు చేతికందునట్లు చేయుట నేటి సభ్యుల బాధ్యత.