గాలిలో ఈత

ఆకాశంలో ఎగరాలన్న కోరిక పసివాళ్లకూ ఉంటుంది, పండు ముసలికీ ఉంటుంది. విమానం ఎక్కితే ఎగిరేది విమానమే గాని మనం కాదు గదా! రెక్కలూ యంత్రాలూ తగిలించుకోకుండా, వట్టి ఒంటితో గాలిలో తేలడం ఈ రోజుల్లో నాలుగు గోడల మధ్యనే నేర్పుతున్నారు.

విమానంలోనుంచి దూకిన మనిషి బోర్లా పడుతూ, పది పన్నెండు సెకన్లలో గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. అప్పటికి గాలి ఒత్తిడి అతని బరువుకు సరితూగుతుంది. వేగం ఇక పెరగదు. మనిషి కిందికి పడే బదులు గాలే అంత వేగంతో పైకి వస్తే? మనిషి ఉన్నచోటనే తేలుతాడు. కిటుకంతా ఇదే! పెద్ద పెద్ద పంకాలు గాలిని నిలువు గొట్టం గుండా పైకి లాగుతాయి. మనిషి ఎగిరే గది దగ్గర ఆ గొట్టం ఇరుకవుతుంది. ఇరుకు దారిలో ఏటినీరు ఉరవడించినట్టు, అక్కడ గాలి జోరందుకుంటుంది. అడుగున ఉక్కు తీగల వల ఉంటుంది.

1964లో అమెరికాలోని రైట్-పాటర్సన్ వైమానిక స్థావరంలో జాక్ టిఫనీ ఇలా మొదటిసారి తేలాడు. 1979లో కెనడాలో, మాంట్రియల్‌కు కొంత దూరాన, మామూలు జనం రుసుము చెల్లించి ఎగిరే సొరంగం వెలిసింది. 2022లో మన హైదరాబాదు శివార్లలోని గండిపేటకూ ఈ వేడుక వచ్చింది.

మరి నేర్చుకోవడం ఎలా? ఈత రానివాడు నీళ్లలో కాళ్లూ చేతులూ కొట్టుకున్నట్టు, కొత్తవారు గాలితో పెనుగులాడతారు. ఒళ్లు కర్రలా బిగిస్తే గాలి అటూ ఇటూ తోసేస్తుంది. గడ్డం పైకెత్తి, నడుము కిందికి వాల్చి, కాళ్లూ చేతులూ చాపి మెత్తగా పడుకోవాలి. ఆ హోరులో మాట వినబడదు. అందుకని గురువు పక్కనే నిలబడి సైగలు చేస్తాడు. రెండు వేళ్లు చాపితే కాళ్లు చాపమని. అవే వేళ్లు వంచితే కాళ్లు ముడవమని. బొటనవేలూ చిటికెనవేలూ చూపి చెయ్యి ఊపితే ఒళ్లు వదులు చెయ్యమని. అసలు పాఠం ఈ మూడోదే.

ఇది వట్టి వినోదం కాదు. 13,000 అడుగుల ఎత్తునుంచి దూకేవారికి, పారాచ్యూట్ తెరిచేలోగా దొరికేది దాదాపు ఒక్క నిమిషం. అప్పుడు ఒళ్లు అదుపు తప్పి గిరగిరా తిరిగితే పారాచ్యూట్ తాళ్లు మెలిపడి ప్రాణాపాయం కలగవచ్చు. సొరంగంలో పది నిమిషాలు ఎగిరితే పదిసార్లు దూకినంత సాధన! ఇక్కడ తప్పు చేస్తే పట్టుకోవడానికి గురువున్నాడు, పడడానికి వల ఉంది. నడవలేనివారిని సైతం చక్రాల కుర్చీలోనుంచి దింపి ఎగరేస్తున్న కేంద్రాలున్నాయి.

గర్భిణులు మాత్రం దీని జోలికి పోరాదు. భుజం కీలు ఒకసారి జారినవారూ, వెన్నునొప్పి ఉన్నవారూ ముందుగా వైద్యుణ్ణి అడగాలి. మిగిలినవారికి కావలసిందల్లా కాస్త ధైర్యం, గాలిమీద నిశ్చింతగా వాలిపోగల నమ్మకం.