కొండదారికి విద్యుత్ సైకిలు

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రహదారి, డిండి జలాశయమును దాటి హాజీపూరు చేరువరకు చాలమట్టుకు మైదానపు దారియే. చెలకలును, వేరుశనగ, పత్తి చేలును, నడుమనడుమ రాతిగుట్టలును తప్ప బాటసారి యూపిరిని పరీక్షించునది అం దేదియు లేదు. ఆ హాజీపూరునకు చేరువనే అచ్చంపేట యున్నది. అచటినుండి దక్షిణముగా సాగినచో, శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ప్రసిద్ధిగాంచిన ఉమామహేశ్వరపు కొండయు, మన్ననూరు ఘాటును, ఆపైని అమ్రాబాదు పీఠభూమియు ఒకదానివెంట నొకటి యెదురగును. ఈ యెత్తుల నెక్కుటకు విద్యుత్ సైకిలు కొనదలచినవాడు, అందును దేహభారము నూరు కిలోలు మించినవాడు, అంగడిలో తరచుగా వినుమాట యొక్కటే: బండి యెంత తేలికయైన అంత మేలని. పందెపు సైకిళ్ళ విషయమున ఈ మాట సత్యమే. కాని మోటారు తగిలించిన కొండసైకిలును బరువైన మనిషి యెక్కునపుడు ఆ సలహా మేలుకంటె కీడే యెక్కువ చేయునని నా నిశ్చితాభిప్రాయము. ఎందుచేతనో తెలియుటకు ఈ యంత్రము పుట్టిపెరిగిన తీరు కొంత తెలిసికొనవలెను.

1817లో జర్మనీయందలి మన్‌హైము నగరమున కార్ల్ వాన్ డ్రైస్ పెడళ్ళు లేని రెండుచక్రాల కొయ్యబండిపై కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు పోయెను. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు ‘రోవర్’ సైకిలును నిర్మించెను. 1888లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు డన్‌లప్ దానికి గాలి టైరును సమకూర్చెను. ఇంతటితో సైకిలు రూపము స్థిరపడినది.

స్థిరపడిన పదేండ్లలోపలనే దానికి విద్యుత్తు తోడయ్యెను. అమెరికాలోని ఓహాయో రాష్ట్రవాసి ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31న విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందెను. మోటారు వెనుకచక్రపు హబ్బులోనే యిమిడియుండెను. బ్యాటరీ ఫ్రేము నడుమ వ్రేలాడుచుండెను. పది వోల్టులమీద నూరు ఆంపియర్లవరకు విద్యుత్తు ప్రవహించునట్లు అతడు ఏర్పాటు చేసెను. గేర్లు లేవు. నేడు మన పట్టణములలో అమ్ముడుపోవు విద్యుత్ సైకిళ్ళలో పెక్కింటిని పరిశీలించినచో మోటారు అదే చోటున కానవచ్చును. నూటముప్పది యేండ్లనాటి ఆ యూహ అంత చక్కనిది. దానిని పడకవేయించినది బ్యాటరీ. సీసపు బ్యాటరీ కిలో బరువునకు ముప్పది నలుబది వాట్‌అవర్ల శక్తిని మాత్రమే యిచ్చును గాన, మనిషిని మోయవలసిన బండి తన బ్యాటరీని తానే మోయలేక మూలబడెను. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని విపణిలోనికి తెచ్చినతరువాతనే ఆ చిక్కు తీరుటకు మార్గము దొరకెను. ఆ బ్యాటరీకి మూలమైన పరిశోధనలకుగాను గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

కొండసైకిలు వంశము వేరు. 1970 దశకమున కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతపు యువకులు కొందరు, ఏనాటివో లావుటైర్ల పాతసైకిళ్ళను చెత్తనుండి ఏరితెచ్చి, తమాల్‌పయస్ పర్వతపు మట్టిదారులపై క్రిందికి దుమికించుట వినోదముగా పెట్టుకొనిరి. ఆ సైకిళ్ళకు పెడలును వెనుకకు త్రొక్కినచో హబ్బులోపల పట్టుకొను బ్రేకు మాత్రమే యుండెను. ఒక్కమారు కొండ దిగునప్పటికి ఆ హబ్బు కాగి, లోని గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు దట్టించిననే గాని రెండవమారు దిగుటకు వీలులేకుండెను. 1976లో పందెములు జరిగిన దారికి ‘రీప్యాక్’ అను పేరు దీనివలననే యేర్పడెను. 1977లో జో బ్రీజ్ కొండలకొరకే ప్రత్యేకముగా ఫ్రేము నిర్మించెను. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీలు, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ‘మౌంటెన్‌బైక్స్’ అను వ్యాపారమును ప్రారంభించిరి. కొండసైకిలు జన్మమునందే వేడి సమస్య యుండుట పాఠకులు గుర్తుంచుకొనవలెను. బరువైనవాని కథ మరల అచటికే వచ్చును.

ఈ రెండు వంశములును కలిసినది జపానులో పుట్టిన ఒక యూహ ద్వారమున. 1993లో యమహా సంస్థ ‘పాస్’ అను సైకిలును విడుదల చేసెను. అందు మోటారు తనంతట తాను పరుగెత్తదు. త్రొక్కువాని పాదబలమును కొలిచి, దానికి అనుపాతముగా తన బలమును చేర్చును. కాలు నిలిచినచో మోటారును నిలుచును. తరువాత 2010 ప్రాంతమున జర్మనీ బాష్ సంస్థయు పెడళ్ళవద్ద, ఫ్రేము నడిబొడ్డున అమర్చు మోటారును తెచ్చుటతో, విద్యుత్ కొండసైకిలు ఐరోపా పర్వతములందు సర్వసాధారణమయ్యెను. ఇట్టి పూర్ణబలపు బండి బరువు ఇంచుమించు ఇరువదినాలుగు కిలోలు. మోటారు తిరుగుబలము (టార్క్) 85 న్యూటన్‌మీటర్లవరకు, శిఖరశక్తి 600 వాట్లవరకు. బ్యాటరీ 600 మొదలు 750 వాట్‌అవర్లవరకు నుండును.

బరువు హెచ్చెనని కొందరు ఆరోహకులు విసుగుకొనగా, 2020 ప్రాంతమున తేలికబండ్ల శాఖ యొకటి మొలచెను. స్పెషలైజ్డ్ సంస్థవారి ‘లీవో ఎస్‌ఎల్’లో మోటారు తిరుగుబలము 35 న్యూటన్‌మీటర్లు, శక్తి 240 వాట్లు, బ్యాటరీ 320 వాట్‌అవర్లు. రెండేండ్లకు వచ్చిన జర్మనీ టీక్యూ మోటారు 50 న్యూటన్‌మీటర్లు, 300 వాట్లు. దానికి జోడించు బ్యాటరీ 360 వాట్‌అవర్లు. ఇట్టి బండ్లు ఇంచుమించు పదునెనిమిది కిలోలు తూగును. ఆరు కిలోలు తగ్గినవి. ఆ యారు కిలోలు ఎచటనుండి తీసిరన్నదే ప్రశ్న.

లెక్క వేసి చూతము. మన ఆరోహకుని బరువు నూటయైదు కిలోలు. నీటిసీసాలు, సంచి కలిసి మరి అయిదు. పూర్ణబలపు బండితో మొత్తము 134 కిలోలు; తేలికబండితో 128. మూడువందల మీటర్ల యెత్తు ఎక్కుటకు, గురుత్వాకర్షణకు చెల్లింపవలసిన శక్తి మొదటిదానికి ఇంచుమించు 109½ వాట్‌అవర్లు, రెండవదానికి 104½. తేలికబండి కొన్నందులకు ఆదాయైనది దాదాపు అయిదు వాట్‌అవర్లు! అందులకుగాను బ్యాటరీలో కోలుపోయినది తక్కువలో తక్కువ 240 వాట్‌అవర్లు. అరువది కిలోల యువకునకు ఆ యారు కిలోలు మొత్తపు బరువులో నూటికి దాదాపు ఏడుపాళ్ళు గాన, మలుపులలో బండి వాని చేతికి చెప్పినట్లు వినును, రాళ్ళపై ఎత్తి దాటింపవచ్చును, మోటారు సాయమును వానికి అంతగా అక్కరలేదు. వాడు తేలికబండి కొనుట సమంజసమే. మన ఆరోహకునకు ఆ భేదము నూటికి నాలుగున్నర పాళ్ళు మాత్రమే. రెండంతస్తుల మెట్లమీదుగా బండిని ప్రతిదినము మోసికొని పోవలసినవానికి తప్ప, ఆ బరువు తెలియుట కూడ కష్టము.

ఏటవాలు పెరిగినకొలది మోటారుబలములోని భేదము నిష్కరుణముగా బయటపడును. నూరు మీటర్లకు పండ్రెండు మీటర్లు లేచు మట్టిదారిపై, గంటకు పది కిలోమీటర్ల వేగముతో పోవుటకు మన ఆరోహకునకు కావలసిన శక్తి దాదాపు 470 వాట్లు. అందు కాళ్ళు 120 వాట్లు సమకూర్చినను మిగిలిన 350 మోటారు ఈయవలెను. 240 వాట్ల మోటారు ఈయలేదు, 300 వాట్ల మోటారును ఈయలేదు. 600 వాట్లది శ్రమ లేక యిచ్చును.

ఇచట కొనుగోలుదారు మోసపోవుటకు ఒక సంఖ్య కాచుకొనియున్నది. పెట్టెపై సాధారణముగా కనిపించు ‘250 వాట్లు’ అనునది చట్టము పుట్టించిన సంఖ్య. మన కేంద్ర మోటారువాహనముల నియమావళి ప్రకారము, ముప్పది నిమిషముల సామర్థ్యము పావు కిలోవాటుకు లోబడి, గరిష్ఠవేగము గంటకు ఇరువదియైదు కిలోమీటర్లకు లోబడిన బండికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. కావున హబ్బుమోటారు బండిపైనను, నడిమి మోటారు బండిపైనను ఒకే సంఖ్య వ్రాయుదురు. కొండను ఎక్కించునది ఆ సంఖ్య గాదు, తిరుగుబలము. పైని చెప్పిన వాలునందు చక్రమునకు దాదాపు 60 న్యూటన్‌మీటర్లు కావలెను. హబ్బుమోటారు నలుబది యిచ్చి, ఆ పైని చేయునది లేక వెచ్చనగును. చక్రమెంత నెమ్మదిగా తిరిగిన అదియు అంతే నెమ్మదిగా తిరుగవలసియుండుటచేత, బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తులో హెచ్చుభాగము రాగితీగలను కాచుటకే వ్యయమగును. నడిమి మోటారు బలము గొలుసుద్వారా, గేర్లద్వారా పోవును. ముందు ముప్పదిరెండు పండ్ల చక్రము, వెనుక ఏబదియొక్క పండ్ల చక్రము గల చిన్నగేరులో 85 న్యూటన్‌మీటర్లు చక్రముకడకు చేరునప్పటికి 135 అగును. హైదరాబాదులో గాయం మోటార్ వర్క్స్ వారు ‘లిమిట్‌లెస్’ అను విద్యుత్ సైకిలును రూపొందించి తెలుగునాటి పేరును ఈ చరిత్రలో చేర్చుట సంతోషింపదగినదే. కాని నగరపు సమతలమునకు కట్టిన హబ్బుమోటారు బండ్లను, ఏ సంస్థవైనను, మన్ననూరు ఘాటుకు తెచ్చి అవి ఎక్కలేదని నిందించుట న్యాయము గాదు.

మోటారు తరువాత, నా దృష్టిలో మోటారుకంటె ముందుగా, చూడవలసినది వెనుకచక్రము. మన తాతలు త్రొక్కిన నల్లని సైకిలును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దాని ముందుచక్రమునకు ముప్పదిరెండు స్పోకులు, వెనుకచక్రమునకు నలుబది. బరువు వెనుక పడునని ఎరిగినవారు కట్టిన చక్రమది. క్యారియరుమీద వడ్లబస్తాయో, భార్యయో, ముందు రాడ్డుమీద బిడ్డయో ఉండగా ఈ పాలమూరు ప్రాంతపు గతుకులలో అది దశాబ్దములు తిరిగినది. నేటి తేలికచక్రములలో కొన్నింటికి ఇరువదియెనిమిది స్పోకులు మాత్రమే. చక్రము తిరుగునపుడు నేలవైపు వచ్చిన స్పోకు క్షణము సడలి, పైకి పోవునపుడు మరల బిగియును. పది కిలోమీటర్లలో ఇట్లు నాలుగువేలకు పైగా జరుగును. మనిషి బరువైనకొలది ఆ సడలు, ఆ బిగింపు పెద్దవగును. కడపట స్పోకు తెగును. తెగుటయు హబ్బు రంధ్రమువద్ద వంగిన మెడయందే తరచుగా తెగును. హబ్బుమోటారు చక్రమునందు హబ్బు పెద్దది గాన స్పోకులు పొట్టివై, రిమ్మువద్ద కోణముగా వంగి, మరింత బాధపడును. వెనుక ముప్పదిరెండుకు తక్కువ గాని, లోహము పలుచని రిమ్ము గాని బరువైనవానికి పనికిరాదు. తెలిసిన సైకిలు మేస్త్రి ఒక్కొక్క స్పోకును వ్రేలితో మీటి, వీణెతీగ శ్రుతిని విన్నట్లు దాని బిగువును వినును. మందముగా పలికినదానిని స్పోకు తాళపుచెవితో బిగించును. ఆ విద్య ఇంకను మన చిన్న పట్టణముల దుకాణములలో మిగిలియున్నది.

ఎక్కిన కొండ దిగవలెను గదా. 134 కిలోలు నూరు మీటర్లు దిగినపుడు 131 కిలోజౌళ్ళ శక్తి విడుదలగును. గాలికి, నేలకు పోగా మిగిలినదంతయు బ్రేకు పళ్ళెములలో (డిస్కులలో) వేడియగును. రీప్యాక్ దారిలో గ్రీజును పొగచేసిన వేడి యిదియే. కావున నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ బ్రేకులు, 203 మిల్లీమీటర్ల పళ్ళెములు ఉండితీరవలెను. తేలికబండ్లలో బరువు తగ్గించుటకై 180 మిల్లీమీటర్ల పళ్ళెములు, రెండు పిస్టన్లు పెట్టుట కలదు. కొద్దిపాటి బరువు ఆదాకొరకు మనిషి ప్రాణమును మలుపువద్ద పణమొడ్డుట నాకు సమ్మతము గాదు.

టైర్లు రెండున్నర అంగుళముల వెడల్పువి యైనచో, గాలి మితముగా కొట్టియు రిమ్మును కాపాడుకొనవచ్చును. నల్లమల అంచుదారులలో తుమ్మముండ్లు, రేగుముండ్లు, చెలకగట్లపై పల్లేరుకాయలు సమృద్ధము గాన, ట్యూబు తీసివేసి లోపల అతుకుద్రవము పోసిన టైరు ఉత్తమము. వెనుక గాలిస్ప్రింగును ఆరోహకుని బరువునకు తగినట్లు నింపవలెను. అతడు కూర్చున్నపుడు దాని కదలికలో నాల్గవవంతునుండి మూడవవంతువరకు క్రుంగవలెను. నింపదగిన గరిష్ఠపీడనము దానిమీదనే వ్రాసియుండును. అంత నింపినను క్రుంగుడు తగ్గనిచో ఆ బండి ఆ మనిషికొరకు పుట్టినది గాదు. అన్నింటికంటె ముందు, ఫ్రేమునకు తయారీదారు అనుమతించిన మొత్తపు బరువు చదువవలెను. ఈ పరిమితి అనేక బండ్లకు 120 మొదలు 150 కిలోలవరకు ఉండును. అందు మనిషి, బండి, సంచి మూడును చేరునని అంగడిలో చెప్పువారు అరుదు. 120 అని వ్రాసిన బండిపై మన ఆరోహకుడు ఎక్కినంతనే పరిమితి దాటినట్లు.

పాలమూరు వేసవి లిథియమునకు శత్రువు. ఎండలో నిలిపిన బండిని వెంటనే చార్జింగుకు పెట్టరాదు. బ్యాటరీ నీడలో చల్లారినతరువాతనే పెట్టవలెను. వేసవిలో తెల్లవారుజామున బయలుదేరుట ఉచితమే. అయితే శ్రీశైలపు అడవిదారిలో రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 వరకు మన్ననూరు చెక్‌పోస్టువద్ద వాహనములను ఆపుదురు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యమది. లోపలి మట్టిదారులకు అటవీశాఖ అనుమతి లేక పోరాదు. వ్యాయామమునకు రంగాపురము గ్రామమువైపు దారియు, ఉమామహేశ్వరపు ఎక్కుడును చాలును.

మరమ్మతు విషయము మిగిలినది. నడిమి మోటారు మూసిన పెట్టె. దానికి జబ్బు చేసినచో నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాదునకు తీసికొనిపోవలసినదే. కావున ఆ నగరమున విడిభాగములు దొరకు మోటారునే యెన్నుకొనవలెను. చక్రము సంగతి వేరు: కొన్న మొదటి మాసములో క్రొత్త స్పోకులు సర్దుకొని సడలును గాన, ఆ నెల తిరుగకమునుపే బండిని ఊరి మేస్త్రికడకు తీసికొనిపోయి, వెనుకచక్రపు స్పోకులన్నింటిని మరల బిగింపించుకొనవలెను.